బుధవారం కోడికూర

ఫోను మోగేసరికి సాయిప్రసాద్ నడుము దాకా మగ్గం గుంతలో ఉన్నాడు. ఒక చేతిలో పోగును అటూ ఇటూ నడిపే నాడె, ఇంకో చేతికింద సగం నేసిన పట్టుచీర. "పవీ, ఎవరో చూడు!" అని కేకేశాడు. పవిత్ర రాగిపిండి అంటిన చేత్తోనే ఫోను చెవికి ఆనించుకుంది. అవతలి మనిషి నాలుగు మాటలు చెప్పేలోపే ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు.

"బావా, నీకు ఉద్యోగం వచ్చేసింది! పెనుకొండ కాడ, కార్ల సీట్లు కుట్టే కంపెనీలో! సోమవారం నుంచి ఫస్టు షిఫ్టు. బస్సు మన వీధి చివరికే వస్తాదంట!"

సాయిప్రసాద్ ఒక్క ఉదుటున గుంతలోంచి పైకొచ్చాడు. పవిత్ర చెయ్యి పట్టుకోబోయినవాడు, తండ్రి ఎదురుగా ఉన్నాడని గుర్తొచ్చి ఫోను పట్టుకున్నాడు. పవిత్రకు నవ్వాగలేదు. పెళ్ళయి నలభై రోజులు. హిందూపురం నుంచి తెచ్చుకున్న స్టీలు డబ్బాకు మూత సరిగ్గా బిగిసినా ఆమెకు సంతోషమే, కుక్కరు కూత మగ్గం చప్పుడుతో జత కలిసినా సంతోషమే. ఇక ఇది ఎంత సంతోషం!

గోడవార రాట్నం తిప్పుతూ, నాడెలో పెట్టే కండెలకు పట్టుపోగు చుడుతున్న అత్త హనుమంతమ్మ చెయ్యి ఆపింది. "మా నాయనే, మంచి మాట ఇన్నాను" అంటూ కొడుకువైపు మెటికలు విరిచింది.

రెండో మగ్గం మాత్రం ఆగలేదు. మామ దేవప్ప తల ఎత్తలేదు. టక్, టక్, టక్. పోగును బిగించే పలక దెబ్బ మునుపటికంటే గట్టిగా పడుతోందని పవిత్రకు తట్టలేదు గానీ, హనుమంతమ్మకు తట్టినట్టుంది. నవ్వు సగంలో మడిచిపెట్టి మళ్ళీ రాట్నం తిప్పసాగింది.

*

ఆదివారం మధ్యాహ్నం పవిత్ర పాత క్యాలెండరు కాగితాన్ని వెనక్కి తిప్పి, స్కెచ్ పెన్నులతో గళ్ళు గీసింది. ఏడు రోజులు, మూడు పూటలు. తెల్లవారుజామున సాయికి క్యారియరు కట్టాలి. కాబట్టి ముందురోజే అన్నీ తరిగి పెట్టుకోవాలి. కాబట్టి ఏ రోజు ఏమిటో ముందే తెలిసి ఉండాలి. డిగ్రీలో ప్రాజెక్టు రాసినప్పుడు కూడా ఆమె ఇంత ముచ్చటగా రాయలేదు.

"సోమవారం బెండకాయ పులుసు. మంగళవారం చింతాకు పప్పు. బుధవారం కోడికూర, సంగటి..."

"శుక్రవారం ఉలిగమ్మక్క వస్తాది మా, మీ మామ మగ్గానికి అచ్చు అతకను" అంది హనుమంతమ్మ. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పాత వార్పు, అయిపోయాక దాని కొసలకు కొత్త వార్పు పోగులు ఒక్కొక్కటే మెలివేసి కలపడానికి ఒకటిన్నర రోజు పడుతుంది. "ఆ పొద్దు ఇంట్లో నీచు ఉడకకూడదు. మసాలా వాసన గూడా రాకూడదు."

"అందుకే కదత్తా కోడిని బుధవారం పెట్టింది! శుక్రవారం పులగం, చెనిక్కాయల చట్నీ. ఎట్లుండాది నా ప్లాను?"

"నాకు చదువు రాదు కదే."

"బొమ్మలేసినా చూడు."

హనుమంతమ్మ కాగితాన్ని దూరంగా పట్టి చూసింది. "ఇది కోడా? పందికొక్కు మాదిరి ఉండాది కదమ్మా!" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఆ నవ్వు చూసి పవిత్ర కోడికి ఇంకో తోక కూడా తగిలించింది.

ఆ ఇంట్లో వంట ఏమిటో చెప్పేది దేవప్ప. పొద్దున గుంతలోకి దిగి, వంటింటివైపు తిరక్కుండానే "ఈ పొద్దు ఉలవచారు!" అని అరుస్తాడు. అయిపోయింది, ఉలవచారే. ఇంకో సంగతి, ఆయన కోడలితో నేరుగా మాట్లాడడు. ఎదురుగా నిలబడి ఉన్నా సరే, "కోడలితో చెప్పు, నీళ్ళు తెమ్మని" అంటాడు భార్యతో. హనుమంతమ్మ చెప్పేలోపే పవిత్ర చెంబు అందిస్తుంది. ఈ మాటల మలుపు ఆమెకు ఇన్నాళ్ళూ ఒక ఆటలా ఉండేది.

సోమవారం సాయి చీకట్లోనే బస్సెక్కి పోయాడు. ఎనిమిదింటికి గుంతలోంచి కేక వినపడింది. "ఈ పొద్దు వంకాయ!"

"కోడలు బెండకాయలు తరిగేసినాది" అంది హనుమంతమ్మ మెల్లగా. "చార్టులో అట్ల రాసిందంట."

టక్, టక్ ఆగింది. మళ్ళీ మొదలైంది. అంతే.

మధ్యాహ్నం దేవప్ప బెండకాయ పులుసు కలుపుకుని, వంక పెట్టకుండా రెండుసార్లు వేయించుకుని తిన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలు అందిస్తూ వంగిన హనుమంతమ్మ వీపు మీద అదే తడిచేత్తో ఒక్కటి వేశాడు. బట్టలు ఉతికే బండ మీద తడిగుడ్డ పడ్డ చప్పుడు. ఆమె ముందుకు తూలి గోడ పట్టుకుంది.

"కోడలితో చెప్పు, ఈ ఇంట్లో ఏం వండల్లనో నేను చెప్తానని."

పవిత్ర అక్కడే ఉంది, ఎంగిలి కంచం చేతిలో పట్టుకుని. వీపు చురుక్కుమంది, దెబ్బ తనకే తగిలినట్టు. హనుమంతమ్మ రవిక మీద ఐదు వేళ్ళ తడి మచ్చ మెల్లగా ఆరిపోయింది.

*

"నీ తప్పు లేదులే" అంది హనుమంతమ్మ గిన్నెలు తోముతూ. "ఆయప్పకు కొడుకు మగ్గం దిగినాడని మంట. అది యాడో ఒక చోట దిగల్ల కదా."

"నన్ను అనొచ్చు కదత్తా. చార్టు రాసింది నేను."

"నీ మీద చెయ్యెత్తితే మీ నాయన హిందూపురం నుంచి పదిమందిని ఏసుకోని వస్తాడు. నా మీద ఎత్తితే ఎవరొస్తారు? మా నాయన పోయి పదేండ్లాయ." అదేదో మామూలు లెక్కలా చెప్పి, సంగటి గిన్నె అడుగు గీరసాగింది.

పవిత్ర ఆ సాయంత్రం చార్టు ముందు నిలబడింది. బొమ్మల పక్కన గీత గీసి ఇంకో గడి కలిపింది. 'మామ మారిస్తే.' పప్పుకు బదులు వంకాయ, వంకాయకు బదులు ఉలవచారు. ఇప్పుడు ఆమెకు కూరలు కనబడటం లేదు. ఏది తప్పితే అత్త ఒంటి మీద ఎక్కడ పడుతుందో అది కనబడుతోంది.

మంగళవారం గుంతలోంచి కేక రాలేదు. తొమ్మిదైంది, పదైంది. పవిత్ర చింతాకు పప్పు చేసింది. అనుమానంతో వంకాయా వండింది. ఇంకా అనుమానంతో ఉలవలు నానేసింది. పదకొండున్నరకు దేవప్ప నీళ్ళు తాగడానికి లేచి, మూతలు తీసి చూశాడు. పప్పు. వంకాయ. నానుతున్న ఉలవలు.

ఆయన ముఖంలో కోపం కంటే ముందు ఇంకేదో కదిలింది. ఈ పిల్ల తనను ముందే చదివేసిందని అర్థమైన మనిషి ముఖం అది.

కంచం పెట్టారు. హనుమంతమ్మ వంగి సంగటి, పప్పు వడ్డించింది. దేవప్ప కంచం ఎత్తి విసిరాడు. అది గోడకు కాదు, మనిషికే తగిలింది. స్టీలు అంచు కనుబొమ మీద గీసుకుని పోయింది. పప్పు మెడ మీద నుంచి రవికలోకి కారింది. వేడి పప్పు. ఆమె అరవలేదు. కంట్లోకి దిగుతున్న నెత్తురును మణికట్టుతో తుడుచుకుంటూ, మొదట కిందపడ్డ సంగటి ముద్ద తీసి పక్కన పెట్టింది. అన్నం కాళ్ళ కింద పడకూడదు కదా.

"కోడలితో చెప్పు. నాకు ఎదురు ఎత్తులు ఎయ్యొద్దని."

పవిత్ర పసుపు తెచ్చి గాయం మీద అదిమింది. వేళ్ళ కింద అత్త నరం కొట్టుకుంటోంది. మగ్గం మళ్ళీ మొదలైంది. ఆ నేత చూస్తే ఎవరూ నమ్మరు. అంచు దగ్గర ఒక పోగు తెగితే ఆయన వంగి, ఊపిరి బిగబట్టి, రెండు వేళ్ళ కొసలతో దాన్ని వెదికి, ముడి ఎక్కడ పడిందో కనబడకుండా ముడివేస్తాడు. ఆ చేతులే ఇవి.

సాయంత్రం నాలుగింటికి సాయి వచ్చాడు. కంపెనీ టోపీ ఇంకా నెత్తిన ఉంది. తల్లి కనుబొమ చూశాడు. పెరట్లో కాళ్ళు కడుక్కుంటూ పవిత్రతో అన్నాడు.

"చిన్నప్పటి నుంచి చూస్తానే ఉండా పవీ. ఒకసారి అడ్డం పోయినా. నేను బయటికి పోయినాక ఆయమ్మను ఇంకా కొట్టినాడు. అప్పటి నుంచి పోలేదు." కాసేపు నీళ్ళు పోసుకున్నాడు. "పెనుకొండలో రూము తీసుకుందామా? మా సూపరువైజరు ఒకటి చెప్పినాడు. మనిద్దరం."

పవిత్ర గుండె ఎగిరి గంతేసింది. తమ గది. కిటికీలోంచి కొండ. పొద్దున లేచి ఏం వండుకున్నా అడిగేవాళ్ళు లేరు. ఆ ఎగిరిన గుండె కిందికి దిగేలోపే ఆమె కళ్ళు వంటింటివైపు మళ్ళాయి. తాము వెళ్ళిపోతే ఈ ఇంట్లో ఇద్దరే మిగులుతారు. చెయ్యెత్తేవాడొకడు, తగిలేదొకతె.

"చూద్దాంలే" అంది.

*

బుధవారం కోడి తెచ్చింది దేవప్పే. పొద్దున తనే సంచి పట్టుకుని పోయి, నాటుకోడిని కోయించి తెచ్చి వంటింటి గడప మీద పెట్టాడు. హనుమంతమ్మ ముఖం కాస్త తేటపడింది. "చూసినావా, చల్లబడినాడు" అని గుసగుసలాడింది. ఇద్దరూ కలిసి మసాలా నూరారు. ధనియాలు, ఎండుకొబ్బరి, గసాలు. పాత వార్పు పొద్దున్నే అయిపోయింది, కాబట్టి దేవప్ప మగ్గం ఖాళీ. ఇంట్లో ఎప్పుడూ లేనంత నిశ్శబ్దంలో కూర కుతకుత ఉడికే చప్పుడు పవిత్రకు ఎంతో బాగుంది. రెండు రోజుల తర్వాత మళ్ళీ ఆమె పెదవి మీదికి పాట లాంటిదేదో వచ్చింది.

పదింటికి వీధి తలుపు దగ్గర గొంతు వినిపించింది.

"ఏమప్పా దేవప్పా, ఉండావా? ఈ పొద్దు పోవల్సిన ఇంట్లో ముసలాయన పోయినాడు. మైల. అందుకే శుక్రవారం రావల్సిందాన్ని ఈ పొద్దే వచ్చినా. దించు నీ వార్పు."

ఉలిగమ్మ. యాభై దాటిన మనిషి, ఎండుకట్టెలా ఉంటుంది. నడుముకు వేలాడే చిన్న సంచిలో బూడిద. పోగు జారకుండా వేళ్ళకు రాసుకునే బూడిద. గడప లోపల ఒక కాలు పెట్టి ఆగింది. ముక్కు ఎగబీల్చింది.

"అయ్యో. కోడి ఉడుకుతాండాదే."

హనుమంతమ్మ అప్పటికే పరిగెత్తింది. పొయ్యి మీది గిన్నెను కొంగుతో పట్టుకుని పెరట్లోకి దించబోయింది, దాన్ని దాస్తే వాసన కూడా దాగుతుందన్నట్టు. దేవప్ప ఆమె వెనకే వచ్చాడు. నేసిన చీర చుట్టే కర్ర చేతిలో ఉంది. మొదటి దెబ్బ గిన్నెకు తగిలింది. కూర పెరడంతా చిమ్మింది. రెండో దెబ్బకు ఆమె కుడిచెయ్యి అడ్డం పెట్టుకుంది. ఎండుపుల్ల విరిచినట్టు ఒక చప్పుడు. మూడోది కూడా అదే చేతి మీద.

"మామా!" అని అరిచింది పవిత్ర. "కోడి తెచ్చింది మీరే కదా!"

ఆయన ఆమెవైపు చూడలేదు. ఆ మాట గాలికి పోయినట్టే, "కోడలితో చెప్పు" అన్నాడు రొప్పుతూ. ఏం చెప్పాలో మాత్రం ఆయనకే తోచలేదు. కర్ర మళ్ళీ ఎత్తాడు. పవిత్ర వెళ్ళి అత్త మీద పడింది. కర్ర గాలిలోనే ఆగింది. ఆగింది, పవిత్ర మీద జాలితో కాదు. ఆమె వెనక హిందూపురం ఉంది, పదిమంది ఉన్నారు. ఆ సంగతి తన వీపు మీదే తెలిసి పవిత్రకు సిగ్గేసింది.

ఉలిగమ్మ గడపలోంచి అంతా చూసింది. "శుక్రవారమే వస్తాలే" అని, బూడిద సంచి బిగించుకుని వెళ్ళిపోయింది.

*

డాక్టరు మణికట్టు నుంచి మోచేతి దాకా కట్టు వేశాడు. "ఎట్ల తగిలింది?" అని అడిగితే హనుమంతమ్మ "గచ్చు మీద జారినా సార్" అంది. డాక్టరు కనుబొమ మీది గాయం చూశాడు, మెడ మీది బొబ్బలు చూశాడు, ఏదో రాసుకున్నాడు.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో పవిత్ర అడిగింది. "అత్తా, మాతో పెనుకొండకు వచ్చేయి."

"నేనొస్తే కండెలెవరు చుడతారు? మగ్గం నిలిచిపోతాది."

"నిలవనీ."

"నీకు తెల్దులే మా. ముప్ఫై ఏండ్ల సంసారం. మగ్గం నిలిస్తే నాకూ ఊపిరి నిలిచినట్టుంటాది."

గురువారం పొద్దున పవిత్ర చార్టును గోడ మీంచి తీసి, నీళ్ళపొయ్యిలో పెట్టింది. కోడి రెండు తోకలతో సహా కాలిపోయింది. హనుమంతమ్మ పక్కన కూర్చుని చూసింది గానీ వద్దనలేదు.

మధ్యాహ్నం దేవప్ప ఆమెను రాట్నం ముందు కూర్చోబెట్టాడు. కొత్త వార్పు అతికాక కండెలు కావాలి. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో తిప్పితే పోగు పట్టుకునే చెయ్యి లేదు. ఆమె పోగును కాలివేళ్ళ సందున ఇరికించుకుని తిప్పసాగింది. నాలుగు చుట్లకే తెగింది. దేవప్ప గబగబా వచ్చి కూర్చున్నాడు. తెగిన పోగును వెతికి, నేల మీంచి రెండు వేళ్ళతో ఎత్తి, కాలు తగిలిందని కళ్ళకు అద్దుకున్నాడు. ముడి వేశాడు. లేచిపోయాడు. ఆమె చెయ్యి ఎట్లుందో అడగలేదు. కట్టు వంక చూడనైనా లేదు.

హనుమంతమ్మ ఆ పోగును చాలాసేపు చూస్తూ కూర్చుంది. రాట్నం మళ్ళీ తిప్పలేదు.

పొద్దు వాలుతుండగా పెరట్లో సాయి పవిత్రతో అన్నాడు. "రూము ఖాయం చేస్తా. ఒక గది, వంటిల్లు."

"ముగ్గురు పడుకునే గది చూడు."

"అమ్మ రాదు పవీ."

"వచ్చేదీ రానిదీ ఆయమ్మ ఇష్టం. గది మాత్రం ముగ్గురికి చూడు."

ఆ మాట వంటింటి కిటికీలోంచి హనుమంతమ్మకు వినబడిందో లేదో తెలియదు. లోపల గిన్నె మూత పెట్టిన చప్పుడు మాత్రం అయింది.

*

శుక్రవారం ఉలిగమ్మ సూర్యుడితోపాటే వచ్చింది. మగ్గం వెనక కాళ్ళు చాపుకుని కూర్చుని, బూడిద వేళ్ళతో పాత పోగునూ కొత్త పోగునూ కలిపి చిన్న మెలిక, ఇంకో మెలిక. చూస్తుంటే కంటికి ఆనదు గానీ, వేలకు వేల పోగులు ఆ వేళ్ళ కింద ఒక్కటవుతూ పోయాయి. మధ్యాహ్నానికి మూడో వంతు అయింది. సాయి షిఫ్టులో ఉన్నాడు. పదకొండింటికి, సూపరువైజరు తీసిన గది ఫొటో ఫోనుకు పంపాడు. సున్నం గోడలు, కొండవైపు కిటికీ. కింద రాశాడు, 'పెద్ద గదే.' పవిత్ర అది హనుమంతమ్మకు చూపింది. ఆమె ఫొటోను దూరంగా పట్టి చూసి, ఫోను తిరిగిచ్చింది.

అచ్చు అతికే మనిషికి ఆ ఇంటివాళ్ళే వండి, తమ చేత్తోనే మొదటి ముద్ద వడ్డించాలి. బయటి కూడు పెడితే పోగు నిలవదంటారు. పవిత్ర పులగం, చట్నీ తెచ్చింది. హనుమంతమ్మ ఎడమచేత్తో గరిటె పట్టి ఉలిగమ్మకు వడ్డించింది. తర్వాత ఇంకో కంచం తెచ్చుకుని ఉలిగమ్మ పక్కన కూర్చుంది. తనకు వడ్డించుకుంది. మగవాడు తినకముందే.

ఎడమచేత్తో ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకుంది.

ఉలిగమ్మ నమలడం ఆపింది. "ఎడమచేత్తోనా మా?"

"కుడిచెయ్యి కట్టులో ఉండాదక్కా. ఆకలి కడుపులో ఉండాది."

ఉలిగమ్మ ఒక్కసారి పకపకా నవ్వి, మళ్ళీ తినసాగింది. దేవప్ప ఖాళీ గుంత అంచున కూర్చుని ఉన్నాడు. ముఖం నల్లబడింది.

"కోడలితో చెప్పు, నాకు కంచం తెమ్మని."

హనుమంతమ్మ ముద్ద మింగింది. "ఎదురుగానే ఉండాది కదా. నోరుండాది నీకు. నువ్వే చెప్పుకో."

కర్ర గోడకు ఆనించి ఉంది. దేవప్ప చెయ్యి దాని మీదికి పోయింది. పవిత్ర సంగటి కెలికే తెడ్డు పట్టుకుని అత్త వెనక నిలబడింది. హనుమంతమ్మ తల ఎత్తలేదు. ఇంకో ముద్ద కలుపుకుంది.

"కొట్టప్పా" అంది ఉలిగమ్మ, చట్నీ నాలుకకు రాసుకుంటూ. "కొట్టి చూడు. కొంత అతికినాను. ఒక చేతి మెలికకు ఇంకో చెయ్యి పడితే పోగు నిలుస్తాదా? నేను లేచిపోతే ఈ ఊర్లో నీ వార్పు ముట్టేటోళ్ళు ఎవరూ లేరు. మొన్న బుధవారం నేను చూసినా దేవప్పా. చూసి పోయినా. రెండు దినాలు నాకు కూడు సయించలేదు."

కర్ర కాస్త లేచింది. వార్పు కొంత కలిసి, కొంత విడిపోయి, మగ్గం మీద వేలాడుతోంది. దేవప్ప దానివైపు చూశాడు. భార్యవైపు చూశాడు. కర్ర మళ్ళీ గోడకు ఆనింది. ఆమె ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి, కోడలి ముఖం వైపు తిరిగాడు.

"కంచం" అన్నాడు.

"అత్త తినేదాకా ఆగండి మామా" అంది పవిత్ర.

ఆయన ఆగాడు. హనుమంతమ్మ నిదానంగా తింది. కంచంలో ఒక్క మెతుకు మిగల్చలేదు. ఎడమచెయ్యి కడుక్కుని, కొంగుతో మూతి తుడుచుకుని, అప్పుడు చెప్పింది.

"రేపు తొలి బస్సుకు నేనూ పవిత్రా పెనుకొండకు పోతాండాం. సాయి గది చూసినాడు. ఉలిగమ్మక్కకు రేపు మధ్యాహ్నం దాకా పని ఉండాది, ఆయమ్మకు ఇంటివాళ్ళే వండి పెట్టల్ల. బియ్యం పెద్ద డబ్బాలో ఉండాయి, పెసరబ్యాళ్ళు చిన్న డబ్బాలో. పొద్దున్నే లేచి నానేసుకో."